గొంతులు కలిసేది చెవిలో

ఎండాకాలం మిద్దె మీద చాప వేసుకుని పడుకునే అలవాటున్న అనంతపురం వాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. పగలు నాలుగిళ్ల అవతల ఉన్న మనిషిని గొంతు చించుకుని పిలిచినా పలకడు. అదే రాత్రి పదిగంటలు దాటాక, రెండు కిలోమీటర్ల అవతలి పల్లెలో రామాలయం ముందు భజన మొదలైతే పక్క వీధిలోనే పాడుతున్నట్టు వినబడుతుంది. మైకు కూడా అక్కర్లేదు. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు ఒకటే మాట అంటారు: ‘రాత్రి పూట సద్దు ఉండదు గదప్పా, అందుకే.’ సద్దు అణగడం నిజమే గాని, అది సగం కారణం. మిగతా సగం నేల వేడిలో ఉంది.

ధ్వని వేగం గాలి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు. ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా ఇంకో 0.6 మీటరు కలుస్తుంది. పగలు ఎర్రనేల కాగి, దాన్ని ఆనుకున్న గాలి బాగా వేడెక్కుతుంది. పైకి పోయేకొద్దీ గాలి చల్లన. ఎడ్లబండి చక్రాల్లో ఒకటి గట్టినేల మీద, ఇంకొకటి ఇసుకలో పడితే బండి ఇసుక వైపుకు తిరుగుతుంది చూడండి, ధ్వని తరంగమూ అంతే. వేగం తక్కువగా ఉన్న చల్లగాలి వైపుకు వంగుతుంది. పగటి పాట అలా పైకి వంగి మన తలల మీదుగా ఆకాశంలోకి పోతుంది. రాత్రి లెక్క తిరగబడుతుంది. మబ్బు లేని ఆకాశం, తేమ లేని గాలి, చెట్టూచేమా పలచగా ఉన్న నేల, ఈ మూడూ ఒకచోట చేరితే పొద్దుగూకగానే నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేల మీది గాలి చల్లబడుతుంది, దాని పైన వెచ్చటి గాలి దుప్పటిలా పరుచుకుంటుంది. ఇప్పుడు ధ్వని కిందికి వంగుతుంది. పైకి పోవాల్సిన పాట నేల వెంబడే పాకుతూ పక్క ఊరి మిద్దె మీదికి వస్తుంది. పడమటి కనుమల వాననీడలో పడి, తూర్పు సముద్రానికీ దూరమై, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మహాభాగ్యం అనుకునే ఈ పీఠభూమికి, ఆ పొడి ఆకాశమే రాత్రిపూట ఇంత మంచి కచేరీ హాలు కట్టిపెట్టింది.

ఆ హాల్లో పాడే పిల్లల గురించి రాయాలని చాలా రోజులుగా ఉంది. చాలా దేశాల్లో జాతీయ యువ బృందగాన సంస్థలు ఉన్నాయి. బ్రిటన్ వాళ్ల జాతీయ యువ బృందం 1983లో మొదలైంది. బడి సెలవుల్లో ఊరూరా ఉన్న కుర్ర గాయకుల్ని ఒకచోట చేర్చి, వాళ్లు అక్కడే ఉండి తిని పడుకుని పాడేలా శిబిరాలు నడుపుతారు. అక్కడ ప్రధానంగా నేర్పేది పక్కవాడిని వినడం. మా వైపు చెక్కభజన గురువు కూడా నేర్పేది అదే. కాకపోతే ఆయన దానికి పేరు పెట్టడు, తప్పు పాడితే చెక్కతో ఒక దెబ్బ వేస్తాడు.

ముందు ఒక చిన్న లెక్క. ఒక పిల్లవాడు పాడుతున్నాడు. పక్కన ఇంకొకడు అంతే బలంతో గొంతు కలిపాడు. శబ్దం రెట్టింపు వినబడాలి గదా? వినబడదు. మూడు డెసిబెళ్లు పెరుగుతుంది, అంతే. మొత్తం పదిమంది అయితే పెరిగేది పది డెసిబెళ్లు. మన చెవికి అది సుమారు రెట్టింపుగా తోస్తుంది. వందమంది అయితే నాలుగింతలు. శబ్దం కోసమే అయితే బృందగానం నష్టం బేరం, తొంభైతొమ్మిది మందిని ఇంటికి పంపి ఒక మైకు అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది. కాని ఒక్కడి గొంతును మైకులో ఎంత పెంచినా అది ఒక్కడి గొంతే. ఇరవైమంది గుసగుసగా పాడినా అది గుంపే. కళ్లు మూసుకున్నా తేడా తెలిసిపోతుంది. అదెట్లా?

తేడా పొరపాట్లలో ఉంది. ఇద్దరు ఒకే స్వరం పాడుతున్నారనుకుందాం. ఒకరి స్వరపేటిక సెకనుకు 200 సార్లు, ఇంకొకరిది 202 సార్లు కంపిస్తే, ఆ రెండు తరంగాలు కాసేపు కలిసి కాసేపు తగువులాడి సెకనుకు రెండుసార్లు శబ్దం పెరిగి తగ్గుతుంది. వీణ శ్రుతి చేసేవాళ్లు రెండు తీగల మధ్య వినే కంపం అదే. ఇద్దరి బదులు ఇరవైమంది అయితే ఈ పెరగడం తగ్గడం ఇరవై రకాలుగా కలగలిసి, ఏ ఒక్క కంపమూ విడిగా చిక్కదు. నీళ్ల మీద ఎండ తళతళలాడినట్టు స్వరం మీద ఒక మెరుపు ఆడుతుంది. దాన్ని వినగానే మెదడు ‘గుంపు’ అని గుర్తుపడుతుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డుల్లో ‘కోరస్’ అని ఒక మీట ఉంటుంది. అది చేసే మాయ ఇదే. ఒక్క ధ్వనికి నకళ్లు తీసి, ఒక్కోదాన్ని కాస్త ఆలస్యంగా, కాస్త శ్రుతి తప్పించి కలుపుతుంది.

ఎంత తప్పవచ్చు? ఒక స్థాయిని 1200 సెంట్లుగా విభజిస్తారు. హార్మోనియం మీద ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య దూరం 100 సెంట్లు. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో యోహాన్ సుండ్‌బెర్గ్, స్టెన్ టెర్న్‌స్ట్రోమ్ అనే ఇద్దరు ఈ కొలతల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మంచి బృందాల్లో ఒకే స్వరం పాడేవాళ్ల మధ్య చెదురు 10 నుంచి 15 సెంట్ల దగ్గర ఉంటుందని వాళ్ల కొలతలు చెబుతాయి. మెట్టులో ఏడో వంతు, పదో వంతు అన్నమాట. అది ఎక్కువైతే అపశ్రుతి. సున్నా అయితే, అది మనుషుల వల్ల కాదుగాని, అయితే గుంపు మాయమై ఒక పెద్ద గొంతు మిగులుతుంది. పిల్లల్ని ‘అందరూ ఒక్క గొంతుగా పాడండి’ అని మందలించే మాస్టర్లకు ఈ మాట చేరవేయాలని నాకు సరదా.

సుండ్‌బెర్గ్, టెర్న్‌స్ట్రోమ్ ఇద్దరే 1986లో, థామస్ రాసింగ్‌తో కలిసి, ఇంకో చిత్రమైన సంగతి ప్రచురించారు. ఒంటరి కచేరీలోనూ బృందంలోనూ పాడగల గాయకుల్ని పిలిచి, ఒకసారి ఒంటరిగా, ఒకసారి బృందంతో కలిసి పాడమన్నారు. మనిషి అతనే, గొంతు అదే. కాని ధ్వనిని విడదీసి చూస్తే రెండు వేర్వేరు గొంతులు. ఒంటరిగా పాడేటప్పుడు 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక కంచుమోత పైకి లేస్తుంది. వాద్యాల హోరును చీల్చుకుని గాయకుడి గొంతు వినబడేలా చేసేది ఆ మోతే. బృందంలోకి రాగానే గాయకుడు దాన్ని అణచుకుంటాడు. స్వరం మూలకంపానికే బలం ఎక్కువ ఇస్తాడు. నా మటుకు నాకు బృందగానంలో అసలు కష్టం ఇదే అనిపిస్తుంది. రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పుట్టిన తాడిపత్రి గడ్డ మాది. మైకు లేని రోజుల్లో పద్యాన్ని చివరి బెంచీకి విసిరిన నటుల కథలు విని పెరిగినవాళ్లకు, గొంతును తగ్గించుకోవడం కూడా ఒక విద్యే అంటే ఒక పట్టాన మింగుడు పడదు.

బళ్లో ప్రార్థన జరిగే తీరు చూడండి. ‘గట్టిగా!’ అంటారు ఉపాధ్యాయులు. పిల్లలు గట్టిగా పాడతారు. పక్కవాడి అరుపులో తన గొంతు తనకు వినబడక ప్రతివాడూ ఇంకాస్త పెంచుతాడు. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ సంగతినే రాశాడు: చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తన ఇష్టంతో పనిలేకుండా గొంతు పెంచుతాడు. సంతలో బేరమాడేవాళ్ల గొంతు పెరిగిపోవడం అందుకే. అరుపు పెరిగేకొద్దీ శ్రుతి పైకి జారుతుంది, గొంతు బిగుసుకుంటుంది. దీనికి విరుగుడుగా టెర్న్‌స్ట్రోమ్ పట్టించుకున్న కొలత ఒకటుంది. పాడేవాడి చెవిలో తన గొంతు పాలు ఎంత, మిగతావాళ్ల పాలు ఎంత అన్న నిష్పత్తి. తన పాలు మరీ తగ్గితే శ్రుతి నిలుపుకోలేడు, మరీ పెరిగితే పక్కవాడితో కలవలేడు. పిల్లల్ని భుజాలు ఒరుసుకునేలా నిలబెట్టే బదులు చేయి చాచేంత ఎడం ఇస్తే చాలు, ఈ నిష్పత్తి దానంతట అదే కుదుటపడుతుంది. పైసా ఖర్చు లేని పని. బడి ఆవరణలో జాగాకు అనంతపురం జిల్లాలో కరువేమీ లేదు.

జాతీయగీతం విషయంలో ఇంకో చిక్కు ఉంది. దాని స్వరాలు ఒక స్థాయికి కాస్త మించి పరుచుకుని ఉంటాయి. మొదలు కింది షడ్జం దగ్గర తీరుబడిగా ఉంటుంది, చివరి జయకారాల దగ్గర పై షడ్జాన్ని అందుకోవాలి. ఎత్తుకున్న అమ్మాయి ఉత్సాహంలో రెండు మెట్లు ఎక్కువలో ఎత్తుకుందా, నలభై సెకన్ల తర్వాత బడి మొత్తం దాని ఫలితం అనుభవిస్తుంది. సగం మంది అరుస్తారు, సగం మంది కింది స్థాయికి జారిపోతారు, కొందరు పెదవులు మాత్రం ఆడిస్తారు. మనలో చాలామంది ఆ మూడో జాతి.

ఈ గీతం స్వరలిపికి ఎక్కిన కథ మా పీఠభూమి దక్షిణపు అంచులోనే జరిగింది. కదిరి దాటి తనకల్లు మీదుగా పోతే మదనపల్లె. అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు 1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ విశ్రాంతికి వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఆయన భార్య మార్గరెట్ ఐర్లండ్‌లోనే సంగీతంలో పట్టా పుచ్చుకున్న పియానో విద్వాంసురాలు. విద్యార్థులంతా చేరి పాడుకునే ఒక సాయంత్రపు కూటమిలో ఠాగూర్ తన బెంగాలీ పాట పాడారు. కుర్రాళ్లకు భాష రాదు, వరస రాదు. అయినా రెండో చరణం దాటేసరికి పల్లవిలోని జయకారం దగ్గర వాళ్ల గొంతులు కలిశాయని జేమ్స్ కజిన్స్ తర్వాత రాసుకున్నారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటను తన చేత్తోనే ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చారు. వరసను మార్గరెట్ పాశ్చాత్య స్వరలిపిలో రాసిపెట్టారు. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది.

ఆ కుర్రాళ్లు జయకారాన్నే ఎందుకు అందుకున్నారు? భాష తెలియని గుంపుకు పాటలో పట్టు దొరికేది తిరిగి తిరిగి వచ్చే చోటే. ఒకే మాట మూడుసార్లు వస్తుంది, వచ్చినప్పుడల్లా వరస ఒక మెట్టు కిందికి దిగుతుంది. రెండుసార్లు విన్న చెవి మూడోసారి ఏం రాబోతుందో ముందే కనిపెట్టేస్తుంది. వంతపాట అంతా ఈ కనిపెట్టడం మీదే నిలబడింది. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతూ, కడవెడు నీళ్లు పోయించుకుంటూ వాన కోసం పాడే ఆడవాళ్ల పాటల్లో స్వరాలు నాలుగైదుకు మించవు. ఇవాళే గుంపులో చేరిన కోడలైనా రెండో ఇంటికి వచ్చేసరికి వంత అందుకుంటుంది.

చెక్కభజనలో ఇంకో చిక్కు విప్పాలి. పాడుతూనే అడుగులు వేయాలి, చేతిలో చెక్కలు మోగించాలి, గురువు వేగం పెంచితే అందరూ ఒక్కసారే పెంచాలి. ధ్వనికి మాత్రం తన ప్రయాణ సమయం తనకుంటుంది. పది మీటర్లు పోవడానికి సుమారు 29 మిల్లీసెకన్లు. యాభై మీటర్లయితే 145. అంటే పెద్ద మైదానంలో అవతలి కొసన ఉన్నవాడు పాటను చెవితో అందుకుంటే, వాడి గొంతు ఇవతలికి తిరిగొచ్చేసరికి సెకనులో దాదాపు మూడో వంతు వెనకబడి ఉంటుంది. ఎస్టోనియాలోని టాలిన్ పాటల పండుగలో ఇరవై వేలకు మించిన గాయకులు ఒకే వేదిక మీద పాడతారు. అంతమందిని నడిపించేది ఎత్తైన చోట నిలబడ్డ నిర్వాహకుడి చేయి. కాంతికి ఆలస్యం లేదు గదా. చూపు ముందు, చెవి తర్వాత.

మా గురువులు దీనికి కనిపెట్టిన ఉపాయం వలయం. వలయం కట్టినప్పుడు గురువు నడిమధ్య ఉంటాడు. మూడు మీటర్ల దూరంలో చుట్టూ తిరిగే ప్రతివాడి చెవికీ ఆయన గొంతు ఒకే క్షణంలో, తొమ్మిది మిల్లీసెకన్ల లోపే చేరుతుంది. ఇక చెక్క. ‘ఆ’ అని గొంతెత్తితే ఆ అచ్చు మెల్లగా పుంజుకుంటుంది. అది ఏ క్షణంలో మొదలైందో చెవి కచ్చితంగా చెప్పలేదు. చెక్కకు చెక్క తగిలితే పుట్టే టకామన్న చప్పుడుకు మొదలు సూదిమొనంత. చెవి దాన్ని పట్టుకుని గొంతును సర్దుకుంటుంది. అడుగు నేలను తాకడం ఒంటికి తెలుస్తుంది, ఎదుటివాడి అడుగు కంటికి కనబడుతుంది. కన్ను, చెవి, కాలు మూడూ ఒకే లెక్క చెబుతుంటే పదేళ్ల పిల్లవాడైనా తాళం తప్పడం కష్టం. పాశ్చాత్య బృందగానంలో పిల్లల్ని మెట్ల మీద కదలకుండా నిలబెడతారు. లయ నేర్పే విషయంలో మా పద్ధతే మెరుగని నా అభిప్రాయం, వాళ్లు ఏమన్నా సరే.

భజనకు పోయొచ్చినవాళ్లు ‘మనసు తేలిగ్గా ఉంది’ అంటారు. భక్తి సంగతి భక్తులకు వదిలేద్దాం, ఊపిరి సంగతి చూద్దాం. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న అందరిలోనూ ఉండే లయే ఇది. పాడడం అంటే పొడుగ్గా ఊపిరి వదలడమే. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల గుండె లయను పాడిస్తూ కొలిచింది. మొదట ఎవరి ఊపిరి వాళ్లు తీసుకుంటూ ఒకే స్వరాన్ని నోరు మూసుకుని పలికించమన్నారు. తర్వాత ఒక క్రైస్తవ కీర్తన పాడించారు. చివర ఒక నిదానమైన మంత్రం, వాక్యానికీ వాక్యానికీ మధ్యే ఊపిరి తీసుకోవాలన్న షరతుతో. ఊపిరులు ఒకచోట కలిసేకొద్దీ గుండెలు కూడా ఒకేసారి వేగం పెంచి, ఒకేసారి తగ్గించాయి. మంత్రం దగ్గర అది అన్నిటికంటే స్పష్టంగా కనబడింది.

అంతకు ముందే, 2001లో, ఇటలీ వైద్యుడు లుచియానో బెర్నార్డి, ఆయన సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో సంగతి రాశారు. లాటిన్‌లో జపమాల ప్రార్థన చదివినా, యోగమంత్రం జపించినా మనుషుల ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి దిగుతోంది. ఊపిరి ఆ వేగంలో ఉన్నప్పుడు రక్తపోటును సర్దే శరీర యంత్రాంగం చురుగ్గా స్పందిస్తోంది. నిమిషానికి ఆరు అంటే పది సెకన్లకు ఒకటి. నిదానంగా సాగే నామావళి భజనను గడియారం పెట్టుకుని గమనించండి. గురువు ఒక పాదం అంటాడు, గుంపు అదే పాదం తిరిగి అంటుంది. గురువు పాడేటప్పుడు గుంపుకు విశ్రాంతి, గుంపు పాడేటప్పుడు గురువుకు విశ్రాంతి. ఈ విడత పది సెకన్లకు అటూఇటూగా పడే భజనలు చాలానే దొరుకుతాయి. పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో ఏటా నవంబరులో అఖండ భజన ఇరవైనాలుగు గంటలు సాగుతుంది. ఒక్కరు పాడి మిగతావాళ్లు వినే పద్ధతైతే అంతసేపు ఏ గొంతూ నిలవదు. పాడే పని చేతులు మారుతూ ఉండడం వల్లే అది సాధ్యం.

స్నేహం సంగతి కూడా ఒక మాట. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్, ఐలునెడ్ పియర్స్ తదితరులు వయోజనుల తరగతులు కొన్నిటిని ఏడు నెలలు గమనించి 2015లో రాశారు. కొన్నిటిలో పాట, మిగతావాటిలో చేతిపనులు, రచన. ఏడు నెలల చివర అన్ని తరగతుల్లోనూ స్నేహం దాదాపు సమానమే. కాని పాడేవాళ్లు మొదటి నెలలోనే అక్కడికి చేరుకున్నారు. ఒకరి పేరు ఒకరికి సరిగా తెలియకముందే దగ్గరయ్యారు. వారం పది రోజుల శిబిరంలో ఒకరి భాష ఒకరికి రాని పిల్లలు కలిసి పాడాక కళ్లనీళ్లతో విడిపోవడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

ఇక పీఠభూమి గాలి గొంతుకు పెట్టే పరీక్ష. స్వరపేటికలోని రెండు పొరలు 200 హెర్ట్జ్ స్వరం దగ్గర సెకనుకు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. పది నిమిషాలు అలా పాడితే లక్షా ఇరవై వేల సార్లు. ఆ పొరల మీద తడి ఉంటేనే అవి తేలిగ్గా కదులుతాయి. ఒళ్లు ఎండినా, పీల్చే గాలి ఎండినా పొరలు చిక్కబడి, గొంతు పలికించడానికి ఊపిరితిత్తుల నుంచి కావలసిన కనీస ఒత్తిడి పెరుగుతుందని కాథరిన్ వెర్డొలీని, ఇంగో టిట్జె 1990లలో కొలిచి చూపారు. ఏప్రిల్ మధ్యాహ్నం గుంతకల్లులోనో కళ్యాణదుర్గంలోనో పిల్లల చేత రిహార్సల్ చేయించడం కన్నా పొద్దున్నే, లేదా పొద్దుగూకాక చేయించడం మేలు. పాడే ముందు గటగటా తాగిన నీళ్లు గొంతు పొరలను నేరుగా తడపవు, అవి వేరే దారిలో పోతాయి. ఒంట్లోకి ఇంకి తిరిగి అక్కడికి చేరాలి. కాబట్టి తాగాల్సింది పొద్దుటి నుంచి, కొద్దికొద్దిగా. మజ్జిగైనా సరే.

దీనికంటే పెద్ద పరీక్ష పదమూడేళ్లకు వస్తుంది. మగపిల్లల స్వరపేటిక ఉన్నట్టుండి పెరుగుతుంది, గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతూ దిగుతుంది గాని మూడు నాలుగు మెట్లే. అందుకని ఎవరూ గమనించరు. అబ్బాయికి మాత్రం పోయిన ఏడాది పైస్థాయిలో పలికిన గొంతు ఈ ఏడాది మధ్యలో చీలిపోతుంది. ‘వీడికి గొంతు పోయింది’ అని తేల్చి చెక్కలో డోలకో చేతికిచ్చి పక్కన కూర్చోబెడతారు. అమెరికాలో జాన్ కుక్సీ అనే బృందగాన శిక్షకుడు 1970లలో ఈ మార్పును దశలుగా గుర్తించాడు. ఒక దశలో పిల్లవాడికి సుఖంగా పలికే స్వరాలు బాగా తగ్గిపోతాయి, తర్వాత మళ్లీ విస్తరిస్తాయి. ఆపాల్సిన పని లేదు. ఆ కొద్ది స్వరాల్లోనే పాడిస్తూ ఉండాలి. మరి గుంపంతా ఒకే వరస పాడుతుంటే, అతని కోసం వరసను ఎవరు కుదిస్తారు?

ఇక్కడ మన సంగీతానికి ఒక పాత ఇరకాటం ఉంది. మగవాళ్ల శ్రుతి ఒకటి దగ్గర, ఆడవాళ్ల శ్రుతి ఐదు దగ్గర. మధ్యలో నాలుగని రాజీ పడితే ఇద్దరికీ ఇబ్బందే. ప్రశాంతి నిలయంలో ఒక భజన మగవాళ్ల వైపు నుంచి, ఇంకొకటి ఆడవాళ్ల వైపు నుంచి ఎత్తుకుంటారు. శ్రుతీ దానితో మారుతుంది. పల్లెల్లో హార్మోనియం మనిషి ఎవరు ఎత్తుకున్నారో చూసి చల్లగా మెట్టు మార్చేస్తాడు. మూడో దారి ఇంకొకటి ఉంది. ఒకటి శ్రుతి షడ్జం సుమారు 131 హెర్ట్జ్, ఐదు శ్రుతి షడ్జం 196. రెండింటి నిష్పత్తి రెండుకు మూడు, అంటే అచ్చంగా షడ్జ పంచమాల బంధం. అమ్మాయిల లెక్కలో అబ్బాయిల షడ్జం మధ్యమం అవుతుంది. తగువు అనుకున్న చోటే సంవాదం ఉంది. అందరి చేతా ఒకే వరస పాడించాలన్న పట్టుదల వదిలి, ఒకరికొకరు పొసిగే వేర్వేరు వరసలు ఇస్తే చాలు.

చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ చేసింది ఆ పనే. మలయాళ సినిమా సంగీత దర్శకుడిగా పేరు తెచ్చుకున్నారు, మద్రాసు సినీ వాద్యకారుల సంఘం కట్టారు. 1958లోనే బొంబాయిలో సలిల్ చౌధురి, కలకత్తాలో రుమా గుహ ఠాకుర్తా యువ బృందాలు నడపడం మొదలుపెట్టారు. దక్షిణాదిన 1970ల మొదట్లో శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కాయిర్‌ను నిలబెట్టారు. భారతీయ భాషల పాటలకు, మన రాగాల చాయ చెడకుండా, రెండు మూడు వరసలు అల్లి కుర్రాళ్ల చేత పాడించారు. 1980లలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి దేశమంతటా బడిపిల్లలకు పలు భాషల్లో సామూహిక గానం నేర్పే కార్యక్రమం చేపట్టింది.  శ్రీనివాసన్ 1988 మార్చిలో లక్షద్వీప్‌లో కన్నుమూశారు.

వరసలు అల్లడంలో తిప్పలు లేకపోలేదు. గమకం ఒక్క గొంతుకు అందం. నలభై గొంతులు నలభై రకాలుగా ఊగితే ఇందాకటి 15 సెంట్ల హద్దు ఎటో కొట్టుకుపోతుంది. అందుకే బృందానికి వరస కట్టేవాళ్లు గమకాన్ని తగ్గించి, నిలకడ స్వరాలు పెంచుతారు. శాస్త్రీయ విద్వాంసులకు అది చప్పగా అనిపించడంలో తప్పు లేదు. భజన వరసలు ఆ పని వందల ఏళ్ల కిందే చేసుకున్నాయి గనుక పల్లె పిల్లల్ని బృందగానానికి తేవడం, నా అంచనాలో, కచేరీ పిల్లల్ని తేవడం కన్నా సులువు.

అప్పుడు ఆ పదమూడేళ్లవాడికి ఒక చోటు దొరుకుతుంది. అమ్మాయిలు, చిన్నపిల్లలు పైన వరస పాడుతుంటే, గొంతు మారిన నలుగురైదుగురు కింద షడ్జాన్నో పంచమాన్నో పట్టుకుని నిలబడతారు. మూడు స్వరాలు చాలు వాళ్లకు. పొడిగాలి ధ్వనిని మింగేటప్పుడు ముందు మింగేది సన్నటి ధ్వనుల్నే. మాటకు రూపమిచ్చే స, చ, త లాంటి హల్లులు మొదట రాలిపోతాయి. తర్వాత చెక్కల టకటక, తర్వాత పైస్థాయి. రెండు కిలోమీటర్ల అవతల మిద్దె మీద పడుకున్నవాళ్లకు ఏ పాటో తెలియదు, ఏ దేవుడి మీదో తెలియదు. చల్లబడ్డ నేల వెంబడి వాళ్లదాకా వచ్చేది ఆ బొంగురు గొంతుల షడ్జమే.